వేలు ఎన్నిసార్లు నొక్కినట్టు?

(హైదరాబాద్‌లో ఒక శనివారం సాయంత్రం, కొద్దిమంది మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. అక్కడక్కడ వాక్యాలు సరిచేశాం.)

అందరికీ నమస్కారమండి. ఇందాక పరిచయం చేసిన మిత్రుడు నన్ను "తుపాకుల నిపుణుడు" అన్నారు. ఈ మాట మా ఆవిడ చెవిన పడితే ఇంకో వారం నవ్వుతుంది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. అది కూడా తెర మీద కనిపించే రకం కాదు. వాషింగ్ మెషీన్లోనో లిఫ్టులోనో ఉండే చిన్న చిప్పుకి ప్రోగ్రాం రాసే రకం. టెక్సస్‌లో పందొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. పక్కింటాయన ఒక ఆదివారం షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు, అలా అలవాటైంది. కాగితం మీద గుండ్రాలు గీసి దాని మధ్యలో కొట్టడం, అంతే. వేట నాకు పడదు.

ఈ రోజు మాట్లాడబోయే సంగతి నా ఉద్యోగానికీ ఆదివారం అలవాటుకీ మధ్యలో పుట్టింది. రైఫిల్‌కి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ పెట్టి వేగంగా కాల్చడం గురించి అక్కడి షూటర్లు ఏమనుకుంటారు, ఎందుకు కొట్టుకుంటారు అన్నది.

ముందు ఒక చిన్న విషయం చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. మీరు కాలింగ్ బెల్ స్విచ్ నొక్కుతారు. మీ లెక్కలో ఒక్కసారి నొక్కారు. కానీ లోపలున్న రెండు రేకులు ఒక్క దెబ్బకి అతుక్కోవు. నేల మీద పడ్డ గోళీలాగా కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. మనకు ఒక నొక్కు, చిప్పుకి అది పదో పన్నెండో నొక్కులు. అందుకని మాలాంటి వాళ్లం ప్రోగ్రాంలో ఒక అంకె పెడతాం: మొదటి నొక్కు తర్వాత ఇన్ని మిల్లీసెకన్ల వరకు ఏం వచ్చినా పట్టించుకోకు అని. దాన్ని మా భాషలో డీబౌన్స్ అంటారు. లిఫ్టులో ఆ అంకె తప్పయితే బటన్ లైటు టపటపా కొట్టుకుంటుంది, ఎవరో ఒకరు తిడతారు, అయిపోతుంది.

అదే స్విచ్ తుపాకిలో ఉంటే?

ఇది ఊహ కాదండి, ఆటలో ముందే జరిగింది. అమెరికాలో పెయింట్‌బాల్ అని రంగు గుళికలతో జట్లుగా ఆడే ఆట ఉంది. 1990ల చివర్లో ఆ తుపాకుల్లోకి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లు వచ్చాయి. కొంతమంది కావాలనే ఆ డీబౌన్స్ అంకె తగ్గించుకున్నారు. వేలు అలా ఆనిస్తే చాలు, వరసగా పోతూనే ఉండేది. పోటీ పెట్టేవాళ్లు తలపట్టుకున్నారు. ఆటగాడు నిజంగా ఎన్నిసార్లు నొక్కాడో పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. చివరికి ఏం చేశారంటే, ఎలాగైనా కొట్టుకోండి కానీ సెకనుకి ఇన్ని గుళికలు మించకూడదు అని పైన ఒక మూత పెట్టారు. పెద్ద లీగులో మొదట 15 అన్నారు, తర్వాత ఇంకా తగ్గించారు. నొక్కుల సంగతి వదిలేసి గుళికలు లెక్కపెట్టుకున్నారన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

ఇప్పుడు అసలు తుపాకి. అమెరికాలో మామూలు పౌరుడు కొనగలిగే ఏఆర్-15 రైఫిల్ సెమీ ఆటోమేటిక్. ఒకసారి నొక్కితే ఒక తూటా. మళ్లీ పేలాలంటే వేలు వదలాలి, మళ్లీ నొక్కాలి. నొక్కి పట్టుకుంటే పేలుతూనే ఉండేది మెషీన్ గన్. ఈ రెండింటి మధ్య గీత గీసింది 1934 నాటి చట్టం. "ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే, మళ్లీ చేత్తో లోడ్ చేయకుండా, దానంతటదే ఒకటి కంటే ఎక్కువ తూటాలు పేల్చేది" మెషీన్ గన్ అంది. అప్పట్లో దాని మీద 200 డాలర్ల పన్ను. ఆ రోజుల్లో అది చాలా డబ్బు. 1986లో ఇంకో మెలిక పడింది: ఆ ఏడాది మే తర్వాత తయారైన మెషీన్ గన్ మామూలు పౌరుడి చేతిలో ఉండకూడదు. అంతకు ముందువి మాత్రం చేతులు మారొచ్చు. కొత్తవి రావు, పాతవి అరుగుతాయి. అందుకే ఇవాళ వాటి ధర కారు ధర దాటిపోయింది.

కొనలేనివాడు ఏం చేస్తాడు? సందు వెతుకుతాడు. "ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే" అన్న ఆ మూడు మాటల చుట్టూ ఎంత పెద్ద వ్యాపారం లేచిందో చూస్తే, మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర డాక్యుమెంట్ రైటర్లు గుర్తొస్తారు. (నవ్వులు)

ఆ సందుల్లో ఒకటి బైనరీ ట్రిగ్గర్. నొక్కితే ఒకటి పేలుతుంది, వదిలితే ఇంకొకటి పేలుతుంది. నొక్కడం ఒక పని, వదలడం ఇంకో పని, పనికి ఒక తూటా, కాబట్టి చట్టం తప్పలేదు అని వాదన. ఇంకొకటి ఫోర్స్‌డ్ రీసెట్. తుపాకి లోపలి భాగమే వెనక్కి వస్తూ మీ వేలిని ముందుకు నెట్టేస్తుంది, మీరు బిగించి పడితే మళ్లీ నొక్కుడు పడుతుంది. బంప్ స్టాక్ సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. భుజానికి ఆనే భాగం జారేలా చేసి, తుపాకి తన్ను తోటే ట్రిగ్గర్ వేలికి కొట్టుకునేట్టు చేస్తారు. ఇవన్నీ ఇనుము, స్ప్రింగుల సంగతులు. ఎలక్ట్రానిక్ రకంలో వేలి కింద ఒక స్విచ్, మధ్యలో చిప్పు, చివర ఒక చిన్న విద్యుత్ అయస్కాంతం. వేలికీ, తూటాని పేల్చే సుత్తికీ మధ్య ఉండే ఇనుప బంధుత్వం తెగిపోయింది. మధ్యవర్తి వచ్చాడు. ఆ మధ్యవర్తి నాలాంటివాడు రాసిన ప్రోగ్రాం.

రేంజిలో నాకు తెలిసిన వాళ్లు దీని గురించి ఏమంటారో చెబుతాను. పేర్లు వద్దు.

ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్బై దాటాయి, పాత సైన్యం మనిషి. ఆయనకి ఇదంతా తూటాలు తగలెయ్యడం. లెక్క కూడా చెబుతారు: తూటా అర డాలరు వేసుకున్నా ముప్ఫై తూటాల మ్యాగజైన్, అంటే తూటాల డబ్బా, కొన్ని సెకన్లలో పోతుంది, అంటే పదిహేను డాలర్ల చప్పుడు. కాగితం చూస్తే మొదటి చిల్లు మధ్యలో, మిగతావి పక్క జిల్లాలో. కుర్రవాళ్లు ఆయన మాట విని నవ్వేస్తారు. వాళ్లు గురి కోసం రాలేదు, సరదాకి వచ్చారు, డబ్బు వాళ్లది. నిజం చెప్పాలంటే సరదాగానే ఉంటుందండి. నేను కాదనను.

పోటీలకి వెళ్లేవాళ్ల మాట వేరు. వాళ్లకి వేగం కావాలి, కానీ ఈ రకం వేగం కాదు. బాగా చెక్కిన మామూలు ట్రిగ్గర్, వేలు కొంచెం వదిలితే చాలు మళ్లీ సిద్ధమయ్యేది, అది చాలంటారు. జెర్రీ మిక్యులెక్ అని ఒక ప్రసిద్ధ షూటరున్నాడు. 1999లో రివాల్వర్‌తో ఒక్క సెకనులో ఎనిమిది తూటాలు కొట్టాడు. చిప్పు లేదు, బ్యాటరీ లేదు, వేలు. ఈ ఉదాహరణ ఎవరో ఒకరు ఎత్తకుండా మా రేంజిలో ఈ చర్చ ఎప్పుడూ ముగియలేదు.

బ్యాటరీ అన్నాను కదా. షూటర్లలో సగం మందికి దాని మీదే అనుమానం. వాన, దుమ్ము, వేడి, ప్రతి తూటాకీ తుపాకి తన్నే తన్ను, వీటి మధ్య సర్క్యూట్ బోర్డు ఎంతకాలం బతుకుతుంది అని. ఆ అనుమానానికి చరిత్ర ఉంది. 2000లో రెమింగ్టన్ వాళ్లు ఎట్రానెక్స్ అని ఒక రైఫిల్ తెచ్చారు. వేగానికి కాదు, అది ప్రతి తూటాకీ చేత్తో లాగి లోడ్ చేసుకునే బోల్ట్ రైఫిలే. అందులో కొట్టే సుత్తి లేదు, సూది కదలదు. 9 వోల్టుల బ్యాటరీ, నేరుగా కరెంటుతో మందు అంటుకుంటుంది. నొక్కడానికీ పేలడానికీ మధ్య ఆలస్యం దాదాపు లేదు. ఇంజినీరుగా చూస్తే ముచ్చటేస్తుంది. కానీ దానికి ప్రత్యేకమైన ప్రైమర్లు, అంటే తూటా అడుగున మందుని అంటించే బిళ్లలు, కావాలి, మామూలువి పనికిరావు. జనం కొనలేదు. మూడేళ్లలో ఆపేశారు.

మరి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అంటేనే ఎవరికీ పడదా అంటే, అదీ కాదు. ఒలింపిక్ పిస్టల్ వాళ్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. వేగం కోసం కాదు, నున్నదనం కోసం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదని నియమం. స్విచ్ అయితే ఆ బరువు ఇవాళ ఎంతో రేపూ అంతే, నూనె ఎండిపోయిందన్న గొడవ లేదు. అక్కడా ప్రమాదాలున్నాయి. 2021లో టోక్యోలో మను భాకర్‌కి ఏమైందో గుర్తుందా? మొదటి సిరీస్‌లో, అంటే మొదటి పది గుళ్లలో, నూటికి 98 కొట్టింది. మధ్యలో పిస్టల్ కాకింగ్ లీవర్ విరిగింది. అది మారుస్తుంటే సర్క్యూట్ ఊడింది, దాన్నీ మార్చాల్సి వచ్చింది. గడియారం మాత్రం ఆగలేదు. మొత్తం 575, పన్నెండో స్థానం, ఫైనల్ పోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో రెండు కంచు పతకాలు తెచ్చుకుంది, అది వేరే సంగతి. మన హైదరాబాద్ నుంచి రైఫిల్‌తో గగన్ నారంగ్, పిస్టల్‌తో ఇషా సింగ్ లాంటి వాళ్లు వెళ్లిన ఆట ఇది. ఈ ఆటలో పరికరం నీ వేలి మాట వింటుంది, తనంతట తాను మాట కలపదు. తేడా అక్కడుంది.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను. ఇది చెప్పడానికే నిజానికి ఈ రోజు ఒప్పుకున్నాను.

రెండేళ్ల క్రితం ఒక మిత్రుడు కొత్తగా బైనరీ ట్రిగ్గర్ పెట్టించుకుని నన్ను కాల్చి చూడమన్నాడు. చాలా రేంజిల్లో సెకనుకి ఒకటి మించి కాల్చకూడదని బోర్డు ఉంటుంది. ఇది ఊరికి దూరంగా ఉన్న బయటి రేంజి, అక్కడ అనుమతి ఉంది. సెలెక్టర్, అంటే ఎలా పేలాలో ఎంచుకునే మీట, మూడో స్థానంలో, అంటే బైనరీలో పెట్టాను. నొక్కాను, పేలింది. వదిలాను, పేలింది. నాలుగైదు సార్లు అలా. మళ్లీ నొక్కాను, పేలింది. సరిగ్గా అప్పుడు అవతల ఎవరిదో టార్గెట్ స్టాండ్ గాలికి పడిపోయినట్టుంది, రేంజి ఆఫీసర్ "సీజ్ ఫైర్" అని అరిచాడు.

సీజ్ ఫైర్ అంటే ఏం చేయాలి? మొదటి రోజు నుంచి నేర్పేది ఒక్కటే: వేలు ట్రిగ్గర్ మీంచి తియ్. ఆలోచించకు, తియ్. శరీరానికి అలవాటు చేస్తారు. ఇక్కడ నేను వేలు తీస్తే తుపాకి పేలుతుంది!

అలా నొక్కి పట్టుకుని నిలబడిపోయాను. గొట్టం మట్టికట్ట వైపే ఉంది, ఎవరూ ముందుకు వెళ్లలేదు, ప్రమాదమేమీ జరగలేదు. కానీ నా అరచేయి చెమట పట్టేసింది. ఆఫీసర్ నా వైపే చూస్తున్నాడు, వీడు చెప్పినా వేలు తీయడేంటని. వేలు వదలకుండానే సెలెక్టర్ తిప్పేస్తే రెండో తూటా రద్దవుతుంది. మిత్రుడు ముందు చెప్పాడు కూడా. ఆ టెన్షన్‌లో నాకు గుర్తు రాలేదు. ఆ మిత్రుడే మెల్లగా వచ్చి నా చేతి పక్కనుంచి తిప్పాడు. మొత్తం ఆరేడు సెకన్లు ఉంటుందేమో. ఇంటికి వచ్చాక కూడా నా చూపుడువేలు నాకు పరాయిదిలా అనిపించింది.

అప్పటివరకు ఈ గొడవంతా వేగం గురించి అనుకునేవాణ్ణి. ఆ రోజు అర్థమైంది, వేగం తర్వాత సంగతి. వదలడం అంటే ఆపడం అన్న ఒప్పందం మనిషికీ తుపాకికీ మధ్య ఉంది. దాన్ని తిరగేశారు. ఇనుముతో చేసింది కాబట్టి కనీసం నా మిత్రుడికి ఎక్కడ తిప్పాలో కనిపించింది. అదే పని చిప్పు చేస్తుంటే, ఏ మోడ్‌లో ఉందో, వేలు వణికితే దాన్ని ఒక నొక్కుగా లెక్కపెడుతుందో రెండుగా లెక్కపెడుతుందో, బయటి నుంచి చూసి చెప్పలేరు. లోపల ఒక అంకె మారితే అదే వస్తువు వేరే వస్తువైపోతుంది.

కోర్టులు ఇలాంటి మధ్యవర్తిని ఇంతకుముందే చూశాయి. ఒకాయన రైఫిల్‌కి చేపల గాలం చుట్టే రీలు, దానికో మోటారు బిగించాడు. స్విచ్ నొక్కితే రీలు తిరుగుతూ ట్రిగ్గర్‌ని టకటకా కొడుతుంది. ట్రిగ్గర్ ప్రతిసారీ విడిగానే పనిచేసింది కదా అని వాదించాడు. 2003లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఏమందంటే, బాబూ, నీ వేలు పడింది స్విచ్ మీద, కాబట్టి స్విచ్చే ట్రిగ్గర్, ఇది మెషీన్ గన్ అంది. నాకు నచ్చిన తీర్పు. వేలు ఎక్కడుందో అక్కడ చూసింది.

షూటర్లు మాత్రం ఇంకో కేసు చెప్పి భయపడతారు. విస్కాన్సిన్‌లో ఒకాయన తన ఏఆర్-15 ఇంకొకరికి ఇచ్చాడు. రేంజిలో అది ఒక్క నొక్కుకి ఒకటి కంటే ఎక్కువ పేల్చింది. తుపాకి పాడైంది, అది లోపం అని వాదన. జ్యూరీ ఒప్పుకోలేదు. మెషీన్ గన్ బదిలీ చేశాడని 30 నెలల జైలు. 2009లో పై కోర్టు కూడా సమర్థించింది. ఇప్పుడు నా డీబౌన్స్ అంకె గుర్తు తెచ్చుకోండి. లిఫ్టులో అది బగ్గు. ఇక్కడ అదే బగ్గు జైలు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ పేరెత్తితే మా రేంజిలో పెద్దవాళ్లు వెనకడుగు వేసేది గురి తప్పుతుందని కాదు, ఇందుకు.

దీనికి తోడు తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ శాఖ, ఏటీఎఫ్ అంటారు, దాని మాట మీద నమ్మకం లేదు. స్ప్రింగుతో పనిచేసే ఒక రకం స్టాక్‌ని ముందు సరే అన్నారు, జనం కొనుక్కున్నాక 2006లో కాదన్నారు. స్ప్రింగు లేని బంప్ స్టాక్‌ని 2010లో ఒప్పుకున్నారు. 2017 అక్టోబర్ 1న లాస్ వేగస్‌లో పాటల కచేరీ మీద ఒకడు హోటల్ కిటికీలోంచి పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు కురిపించాడు, అరవై మంది పోయారు. వాడు వాడినవి బంప్ స్టాకులు. మరుసటి ఏడాది వాటిని మెషీన్ గన్నులే అని తేల్చి నిషేధించింది ట్రంప్ ప్రభుత్వమే. మన దగ్గర చాలామందికి ఇది తెలియదు. ఆస్టిన్‌లో తుపాకుల దుకాణం నడిపే మైకేల్ కార్గిల్ తన రెండు బంప్ స్టాకులు అప్పగించి, తర్వాత కేసు వేశాడు. 2024 జూన్ 14న సుప్రీంకోర్టు 6–3తో ఆయన వైపు చెప్పింది. జస్టిస్ థామస్ రాసిన ఆ తీర్పులో ట్రిగ్గర్ లోపలి భాగాల బొమ్మలు కూడా వేశారు. తీర్పు చదువుతున్నానా, మెకానిక్ గైడ్ చదువుతున్నానా అనిపించింది. ట్రిగ్గర్ ప్రతి తూటాకీ మళ్లీ మొదటి స్థానానికి వస్తోంది, కాబట్టి "ఒక్కసారి" కాదు అన్నది సారాంశం. ఒప్పుకోని జస్టిస్ సోటొమయోర్, బాతులా నడిచి, బాతులా ఈది, బాతులా అరిచేదాన్ని నేను బాతే అంటాను అని రాశారు. 2025 మేలో ఫోర్స్‌డ్ రీసెట్ ట్రిగ్గర్ల మీద కూడా వాటిని చేసే కంపెనీతో ప్రభుత్వం రాజీకి వచ్చింది. ఆ కంపెనీ పిస్టళ్లకు వాటిని చేయకూడదన్నది ఒక షరతు.

థామస్ గారు ఇనుము కదలికలు లెక్కపెట్టారు. చేపల రీలు కేసులో వేలు ఎక్కడుందో చూశారు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌లో ఇనుము కదలిక దాదాపు లేదు, వేలు స్విచ్ మీద ఉంది, నిర్ణయం ప్రోగ్రాంలో ఉంది. బొమ్మ ఎక్కడ గీస్తారు? నా మటుకు నాకు పెయింట్‌బాల్ వాళ్ల దారే నయమనిపిస్తుంది. నొక్కులు లెక్కపెట్టడం మానేసి తూటాలు లెక్కపెట్టడం. ఈ మాట రేంజిలో అంటే నామీద పడతారు. అప్పుడు మిక్యులెక్ వేలిని కూడా నిషేధిస్తావా అంటారు. దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కానీ 2023 జూలైలో నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో పోలీసుల మీద కాల్పులు జరిపినవాడి రైఫిల్‌కి బైనరీ ట్రిగ్గర్ ఉంది. ఒక అధికారి చనిపోయాడు. వాడు మిక్యులెక్‌లా ముప్ఫై ఏళ్లు సాధన చేసి రాలేదు. ఆ సాధన బజార్లో కొనుక్కున్నాడు.

ప్రశ్నలు అడగొచ్చు.

(ఒక శ్రోత: మన చట్టంలో ఇలాంటివి ఎలా చూస్తారండీ?)

మంచి ప్రశ్న. నేను లాయర్ని కాదు, చదివింది చెబుతాను. మన 1959 ఆయుధాల చట్టం వేరే దారి పట్టింది. ట్రిగ్గర్ మీద ఒత్తిడి పెడితే, ఆ ఒత్తిడి తీసేదాకా లేదా మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పేలుతూనే ఉండేది నిషిద్ధ ఆయుధం అంది. చూశారా, ఒత్తిడి తీస్తే ఆగుతుందన్న నమ్మకం మీద రాసిన వాక్యం. వదిలితే పేలేది ఒకటి వస్తుందని 1959లో ఎవరనుకుంటారు? అయితే మనవాళ్లు కింద ఇంకో మాట చేర్చారు, కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన మరే ఆయుధమైనా నిషిద్ధమే అని. కాబట్టి ఇక్కడ సందు వెతికేవాడికి పని తక్కువ.

(మరో శ్రోత: మీరు ప్రోగ్రాములు రాస్తారు కదా అన్నా, అలాంటి ట్రిగ్గర్‌కి రాయమని ఎవరైనా అడిగితే రాస్తారా?)

అడిగారు. పోయినేడాది తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన ఫోన్ చేశాడు. డబ్బు బాగానే ఇస్తానన్నాడు. డీబౌన్స్ ఎన్ని మిల్లీసెకన్లు పెట్టమంటారు అని అడిగాను. మీరే చూసి పెట్టండి, ఎంత తక్కువైతే అంత మంచిది అన్నాడు. సరే, ఆ అంకె పక్కన సంతకం మీరు పెడతారా నేను పెట్టాలా అన్నాను. మళ్లీ చేస్తానని పెట్టేశాడు. ఇంకా చేయలేదు.